గడ్డం ముందు చింతపిక్క

త్రినాథరావు నాయిక ముందు మోకాలి మీద కూర్చుని, ఆకాశం సాక్షిగా తన ప్రేమను ప్రకటించాడు. ఆ తరువాత లేవలేకపోయాడు.

నాయిక అతని భార్య సత్యవాణి. ఆమెకు అరవై ఒకటి. నాటకంలో పదహారు.

"లెగండి. నా డైలాగు అయిపోనాది" అని పళ్ల మధ్య నుంచి అంది.

"లెగుదామనే చూస్తన్నాను. మోకాలు పట్టేసింది."

వేదిక పక్కన పత్తి గడ్డం పెట్టుకుని రాజేంద్ర కూర్చున్నాడు. అతని పక్కన ఊతకర్ర పట్టుకుని సిరి కూర్చుంది. ఇద్దరూ లేచి వెళ్లి నాయకుడి చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టారు.

"అంకుల్, పొద్దున ఎక్సర్‌సైజ్ చేశారా?" అని అడిగింది సిరి. భిలాయిలోని కోహ్కాలో ఒక ఫిజియోథెరపీ క్లినిక్కులో ఆమె ఉద్యోగం. నాటక సంఘంలో సగం మోకాళ్లు ఆమె చేతి మీదుగా నడుస్తున్నాయి.

"చేశానమ్మా."

"అబద్ధం" అంది సత్యవాణి, పదహారేళ్ల గొంతు వదిలేసి.

రాజేంద్ర వీళ్లిద్దరి కొడుకు. వయసు ఇరవై తొమ్మిది. జాముల్ సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ సూపర్‌వైజరు. నాటకంలో నాయికకు తాత. అంటే కన్నతల్లికి తాత. దీని గురించి సంఘంలో ఎవరూ ఎప్పుడూ ఆశ్చర్యపోలేదు.

స్నేహ కళాసంఘం భిలాయిలో ఏటా ఒకే నాటకం ఆడుతుంది. పేరు 'పీటల మీద పేచీ'. స్టీల్ ప్లాంటు ఉద్యోగాలకు వచ్చిన మొదటి తరం వాళ్లు ట్రంకు పెట్టెల్లో బట్టలతోపాటు దాన్నీ తెచ్చారు. హాస్యనాటకం. ఎక్కడ నవ్వాలో ప్రేక్షకులకు ముందే తెలుసు కనుక నవ్వు ఎన్నడూ తప్పలేదు.

పాత్రల పంపిణీ ప్లాంటు పద్ధతిలో, సీనియారిటీ మీద జరుగుతుంది. పై పాత్రలో ఉన్నవాడు ఊరెళ్లిపోతేనో, కాలం చేస్తేనో కిందివాడికి ప్రమోషన్. త్రినాథరావుకు నాయకుడి పాత్ర వచ్చేనాటికి జుట్టుకు రంగు వెయ్యడం మొదలైంది. ప్లాంటు అతన్ని రిటైర్ చేసింది. సంఘం చెయ్యలేదు. పాత్రలకు రిటైర్మెంటు వయసు రూల్సులో లేదు. ఇక ముసలి వేషాలు ముసలివాళ్లెవరూ వెయ్యరు. అవి కుర్రవాళ్లకు పడతాయి.

కథ చిన్నది. ఒక అమ్మాయి, ఒక అబ్బాయి ప్రేమించుకుంటారు. అమ్మాయిని పెంచిన తాత, బామ్మ ఇరవై ఏళ్లుగా మాట్లాడుకోరు. ఒకే ఇంట్లో ఉంటూ, చెప్పవలసిందేదైనా నడవాలో స్తంభానికి చెబుతారు. 'స్తంభమా, ఆవిడతో చెప్పు, మజ్జిగలో ఉప్పు లేదు.' 'స్తంభమా, ఆయనతో చెప్పు, ఉప్పు గూట్లో ఉంది, కాళ్లు ఆయనకే ఉన్నాయి.' కన్యాదానానికి ఇద్దరూ కలిసి పీటల మీద కూర్చోవాలి. కూర్చోరు. మేనత్త అడ్డుపడుతుంది, వంటవాడు అబద్ధాలాడతాడు, పోస్టుమేన్ ఒక ఉత్తరం తెస్తాడు. చివరికి తాత స్తంభాన్ని వదిలి బామ్మ దగ్గరికి నడిచి వెళ్లి, "ఏమే, కూర్చుంటావా?" అంటాడు. "అడగడానికి ఇన్నేళ్లు పట్టిందా?" అంటుంది బామ్మ. తెర.

మూడేళ్లుగా ఆ తాత రాజేంద్ర, ఆ బామ్మ సిరి. రిహార్సల్ రోజుల్లో సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది వరకు ఇద్దరూ పక్కపక్కన కూర్చుంటారు. ఒక పెళ్లికాని అబ్బాయి, ఒక పెళ్లికాని అమ్మాయి సివిక్ సెంటర్‌లో ఒక ఐస్‌క్రీం తింటే కప్పు ఖాళీ అయ్యేలోగా ఇంటికి ఫోను వెళ్లే ఊళ్లో, వీళ్ల గురించి ఎవరూ ఏమీ అనుకోలేదు. గడ్డం పెట్టుకున్నవాణ్ణి ఎవరూ అబ్బాయిగా లెక్కపెట్టరు. అందుకే రాజేంద్ర టీ బ్రేకులో కూడా గడ్డం తీసేవాడు కాదు.

ఆ రోజు మోకాలి సంఘటన తరువాత సెక్రటరీ రాజాబాబు ఒక వార్త తెచ్చాడు. నాటకంలో పోస్టుమేన్ అతనే. డైలాగు ఒకటే మాట.

"రాయ్‌పూర్‌లో పోటీకి మనల్ని పిలిచారండి. కాకపోతే ఒక్క గంటే ఇస్తారట."

"మనది రెండున్నర గంటలు కదేటి" అన్నాడు త్రినాథరావు. అతను సంఘం అధ్యక్షుడు కూడా.

"అందుకే, హీరో కథ ఉంచి మిగతాది కట్ చేద్దామండి."

అందరూ తలూపారు. ఆ తలలు ఊగడం ఆగాక అసలు విషయం అర్థమైంది. ఈ నాటకంలో హీరో ఎవరు?

"ఇందులో డౌటేటి? హీరోయిన్ని పెళ్లి చేసుకున్నోడు హీరో" అన్నాడు త్రినాథరావు.

సత్యరాజు కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. అతను సిరి తండ్రి. ఊరు రాజోలు దగ్గర. ప్లాంటులో త్రినాథరావుతో ఒకే షిఫ్టులో పనిచేసి రిటైరయ్యాడు. నాటకంలో ఇరవై ఏళ్లుగా వంటవాడు.

"తాళి చేతికిస్తే ఎవరైనా కడతారండీ. ఆ పెళ్లి జరిపించిందెవరు? వంటవాడు. అన్ని అబద్ధాలాడిందెవరు? వంటవాడు. కుర్రోడేం చేశాడండీ? మూడంకాలూ నిట్టూర్చాడు."

"నిట్టూర్పంటే మాటలనుకున్నావేటి? ఊపిరి కావాలి."

"అది మీకెలాగూ మెట్లెక్కితే వచ్చేస్తుంది కదండీ."

"అమ్మాయి ఒప్పుకోకపోతే మీరిద్దరూ ఏటి చేస్తారు?" అంది సత్యవాణి.

"అత్త అడ్డం పడకపోతే కథేదండీ?" అంది సత్యరాజు భార్య సులోచన. ఆమె మేనత్త. "పది నిమిషాల్లో పెళ్లయిపోయి జనం భోజనాలకి లేచిపోతారు."

రాజాబాబు గొంతు సవరించుకున్నాడు. "పోస్టుమేన్ ఉత్తరం తేకపోతే అసలా అబ్బాయి ఉన్నాడనే ఎవరికీ తెలీదు కదండి." అందరూ అతని వైపు చూశారు. అతను గోడ గడియారం వైపు చూశాడు.

"తాత, బామ్మ మాట్లాడుకోకపోతే పెళ్లే లేదు కదా అంకుల్?" అంది సిరి.

"మీరు జూనియర్లమ్మా" అన్నాడు త్రినాథరావు.

రాజేంద్ర లేచాడు. "నాన్నా..."

"ఏటిరా?"

"ఏం లేదు నాన్నా."

అతను కూర్చున్నాడు. సిరి అతని వైపు తిరిగి చూసింది. ఆ చూపు పడ్డచోట గడ్డం దురద పెట్టింది.

సీక్రెట్ బాలెట్ పెడదామన్నాడు రాజాబాబు. తెర వెనక బల్ల మీద ఏడు పాత్రల సామాను వరసగా పెట్టారు. నాయకుడి కండువా, నాయిక అద్దం, వంటవాడి గరిటె, అత్త చేట, పోస్టుమేన్ సంచి, తాత గడ్డం, బామ్మ ఊతకర్ర. సత్యవాణి చింతపిక్కలు తెప్పించింది. మనిషికి ఒకటి. ఒక్కొక్కరూ తెర వెనక్కి వెళ్లి, తాము హీరో అనుకున్న పాత్ర సామాను ముందు పిక్క పెట్టి రావాలి. వెళ్లేటప్పుడు అందరి ముఖాల్లోనూ న్యాయం కనిపించింది.

తెర తీశారు. ఏడింటి ముందూ తలా ఒక పిక్క ఉంది.

తరువాత త్రినాథరావు అధ్యక్షుడిగా తన కాస్టింగ్ వోటు వాడుకుంటానన్నాడు. కండువాకే. పోటీలో ఉన్నవాడికి కాస్టింగ్ వోటెలా ఉంటుందన్నాడు సత్యరాజు. అధ్యక్షుణ్ణి ప్రశ్నించేవాడు సభ్యుడెలా అవుతాడన్నాడు త్రినాథరావు. అయితే గరిటె ఇంటికి పట్టుకెళ్లి, శనివారం మీటింగ్‌లో లెక్కప్రకారం అప్పగించి సంఘం మానేస్తానన్నాడు సత్యరాజు. ఆ మాటతో ఇద్దరి మధ్య మాటలు ఆగిపోయాయి.

ఒక్క విషయంలో మాత్రం అయిదుగురు సీనియర్లకూ ఏకాభిప్రాయం కుదిరింది. హీరో ఎవరైనా కానీ, తాత కాదు, బామ్మ కాదు. వాళ్ల సీన్లు కట్. రేపటి నుంచి వాళ్లిద్దరూ రిహార్సల్‌కు రానక్కరలేదు.

"సరే అంకుల్" అంది సిరి. బల్ల మీది కర్ర తీసి గోడకు ఆనించి బయటికి వెళ్లింది.

రాజేంద్ర బల్ల మీది గడ్డం జేబులో కుక్కుకుని వెనకే పరుగెత్తాడు. వాన తుంపర మొదలైంది. ఆమె వీధిదీపం కింద స్కూటీ సీటు తుడుస్తోంది.

"అలా ఎలా సరే అనేశావ్?"

"నువ్వేమన్నావ్? 'ఏం లేదు నాన్నా.' వాహ్, క్యా డైలాగ్ హై."

"నేను జూనియర్ని యార్."

"నేను నీకంటే జూనియర్ని. మాట్లాడాను కదా."

రాజేంద్ర చెయ్యి చాపి స్కూటీ అద్దం సరిచేశాడు. అది ముందే సరిగా ఉంది.

"రేపట్నించి రిహార్సల్ లేదు" అంది సిరి. "ఆదివారం చర్చి అయ్యాక రాజమండ్రి వాళ్లొస్తున్నారు. నన్ను చూసుకోడానికి. అబ్బాయి బ్యాంకులో. మమ్మీ కర్టెన్లు కూడా ఉతికేసింది."

"నాకు ఒక్క మాట కూడా చెప్పలేదేంటి?"

"చెప్పాను. మొన్న, రెండో అంకంలో. 'స్తంభమా, ఆయనతో చెప్పు, ఆదివారం నన్ను చూడ్డానికి ఎవరో వస్తున్నారట' అన్నాను. నువ్వేం చేశావో గుర్తుందా? 'డైలాగ్ తప్పు, మజ్జిగ గురించి కదా' అన్నావు."

రాజేంద్రకు గుర్తుంది. గట్టిగానే అన్నాడు. రాజాబాబు మెచ్చుకున్నాడు కూడా.

"పైగా ఓటు కూడా నీకే వేసుకున్నావ్" అంది ఆమె. "సెల్ఫిష్ తాత."

"నువ్వు వేసుకోలేదా నీ కర్రకి?"

"నేను గడ్డానికేశాను."

తుంపర కాస్త గట్టిపడింది. సిరి హెల్మెట్ పెట్టుకోబోయి ఆగింది.

"ఆగాగు. అన్నిటికీ ఒక్కొక్కటే వచ్చింది కదా?"

"అవును."

"గడ్డం ముందున్నది నాది. మరి కర్ర ముందు పిక్క ఎవరిది?"

అతను అద్దం మళ్లీ సరిచేశాడు.

"రాజేంద్రా."

"ఆ."

"పిక్క."

"నాదే."

సిరి హెల్మెట్ సీటు మీద పెట్టింది. వానకు ఆమె జుట్టు నుదుటికి అతుక్కుంది. నవ్వు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంది. అది రాజేంద్ర చూశాడు. చూసినందువల్ల అతనికి కొంత ధైర్యం వచ్చింది. వీధిదీపం స్తంభం వైపు తిరిగాడు.

"స్తంభమా, ఆవిడతో చెప్పు..."

"నో. పోల్‌తో కాదు."

అతను ఆమె వైపు తిరిగాడు. "కూర్చుంటావా?"

"అది తాత డైలాగ్. నీది చెప్పు."

రోడ్డు మీద ఒక ఆటో వెళ్లింది. అది పూర్తిగా వెళ్లేదాకా ఆగాడు.

"సిరీ, ఆ రాజమండ్రి అబ్బాయి వద్దు. నన్ను పెళ్లి చేసుకో."

"ఏటి, ఇంత సింపులా?" అంది ఆమె, రాజేంద్ర నాన్న గొంతుతో. అంటూనే గొంతు మారింది. "మూడేళ్లు పట్టింది నీకు. సరే. చేసుకుంటాను. ఇప్పుడు ఇదే మాట శనివారం మీటింగ్‌లో మా డాడీకి చెప్పు."

"మీటింగ్‌లోనా? ఇంటికొచ్చి చెప్తాను."

"ఇంటికొస్తే డాడీ చాయ్ ఇచ్చి ప్లాంటు కబుర్లు మొదలెడతారు. నువ్వు తాగేసి, 'ఏం లేదంకుల్' అని వచ్చేస్తావు. గ్యారెంటీ."

ఆమె స్కూటీ స్టార్ట్ చేసింది. రాజేంద్ర వానలో నిలబడి, తాను చెప్పిన వాక్యంలో పదాలు లెక్కపెట్టుకున్నాడు. ఎక్కువేమీ లేవు. అయినా తండ్రి ముందు అవి ఏ వరసలో వస్తాయో అనుమానంగా ఉంది.

శనివారం సత్యరాజు గరిటెను గుడ్డసంచిలో పెట్టుకుని వచ్చాడు. కూర్చోలేదు. తలుపు దగ్గర నిలబడ్డాడు.

"రాజాబాబూ, ఆయనతో చెప్పు. సంఘం సామాను బల్ల మీద పెట్టొచ్చు" అన్నాడు త్రినాథరావు.

"రాజాబాబుగారూ, ఆయనతో చెప్పండి. రసీదు ఇస్తేనే పెడతానండీ" అన్నాడు సత్యరాజు.

ఇద్దరి మధ్యా పదడుగుల దూరం కూడా లేదు. రాజాబాబు అటు తిరిగి చెప్పి, ఇటు తిరిగి చెప్పాడు.

రాజేంద్ర లేచాడు. జేబులోంచి గడ్డం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాన్నా, అంకుల్, నేనొకటి చెప్పాలి."

"ఏటిరా?" అన్నాడు త్రినాథరావు. ఆ మాటకు ఇదివరకు ఎప్పుడూ ఒకే జవాబు వచ్చింది. ఈసారి రాలేదు.

"ఆరోజు అందరూ ఎవరికి వాళ్లే ఓటేసుకున్నారు. ఇద్దరు తప్ప. గడ్డం ముందు పిక్క నేను పెట్టలేదు. సిరి పెట్టింది. కర్ర ముందు పిక్క నేను పెట్టాను."

అయిదుగురూ మనసులో కూడికలు చేసుకుంటున్నారు.

మొదట త్రినాథరావు తేరుకున్నాడు. ముఖం ఎర్రబడింది. "క్రాస్ వోటింగా? మన సంఘంలోనా?"

"నాన్నా, విషయం అది కాదు."

"సొంత పాత్రకి ఓటెయ్యలేదా నువ్వు? నా కొడుకువై ఉండి?"

"నేను సిరిని పెళ్లి చేసుకుందామనుకుంటున్నాను నాన్నా. సత్యరాజు అంకుల్, మిమ్మల్ని అడుగుతున్నాను."

సులోచన చేట కింద పెట్టింది. "అయ్యో, కర్టెన్లు ఉతికానే" అంది ముందు. తరువాత కూతురి వైపు చూసింది. "నువ్వేమంటావే?"

"నేను గడ్డానికేశాను మమ్మీ" అంది సిరి.

సత్యరాజు గరిటె సంచి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. రాజేంద్రనే చూస్తున్నాడు.

"బాబూ, మాది చర్చి. మీది పైడితల్లమ్మ. ఇది నాటకం కాదు కదా?"

"కాదంకుల్. సిరి ఆదివారం చర్చి మానక్కర్లేదు. నేనే దింపుతాను."

"దింపి బయటే నిలబడతావా?"

"మీరు రమ్మంటే లోపలికొస్తాను."

సత్యరాజు తల వంచుకుని సంచి వైపు చూశాడు. ఆ తరువాత, అలవాటు చొప్పున, సెక్రటరీ వైపు తిరిగాడు.

"రాజాబాబుగారూ, ఆయనతో చెప్పండి. వాళ్లబ్బాయి మా అమ్మాయిని అడుగుతున్నాడు. పెద్దవాళ్లు అడగలేదు."

"రాజాబాబూ, ఆయనతో చెప్పు. ఆయన అమ్మాయి ముందు మా గడ్డానికి..."

"నేను స్తంభాన్ని కాదండి" అన్నాడు రాజాబాబు. కెటిల్ తీసుకున్నాడు. "చాయ్ తెచ్చుకుంటాను." వెళ్లిపోయాడు.

ఇప్పుడు ఇద్దరి మధ్యా ఎవరూ లేరు. త్రినాథరావు తలుపు వైపు చూశాడు. రాజాబాబు తిరిగి వచ్చేలా లేడు. భార్య వైపు చూశాడు.

"నన్నెందుకు చూస్తారు?" అంది సత్యవాణి. "ఆ పిల్ల కోడలుగా వస్తే మీ మోకాలికి ఫీజుండదు. నేనెప్పుడో ఒప్పేసుకున్నాను."

త్రినాథరావు లేచాడు. లేవడానికి సమయం పట్టింది. ఒక కుర్చీ పట్టుకుని నేల మీద ఈడ్చుకుంటూ తలుపు దాకా తీసుకెళ్లాడు. సత్యరాజు ముందు పెట్టాడు. ఆయాసం వచ్చింది. అది నిట్టూర్పు కాదు.

"ఏవోయ్ సత్యరాజూ" అన్నాడు. "కూర్చుంటావా?"

ఆ మాట ఏటా చివరి అంకంలో అందరూ వింటున్నదే. తన గొంతులో వస్తుందని త్రినాథరావు అనుకోలేదు. సత్యవాణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సత్యరాజు కుర్చీని చూశాడు. మనిషిని చూశాడు.

"అడగడానికి ఇన్నాళ్లు పట్టిందా అండీ?" అన్నాడు. కూర్చున్నాడు.

సిరి రాజేంద్ర పక్కకు వచ్చి నిలబడింది. అతని చెయ్యి చల్లగా ఉంది. పట్టుకుంది. ఎవరూ ఫోను చెయ్యలేదు. చెయ్యవలసినవాళ్లందరూ అక్కడే ఉన్నారు.

"ముందు చర్చి, తర్వాత పీటలు" అంది ఆమె తండ్రితో. "ఎండెక్కకముందే రెండూ అయిపోవాలి డాడీ."

సులోచన రాజమండ్రి వాళ్లకు ఏం చెప్పాలో సత్యవాణితో సంప్రదిస్తూ బయటికి వెళ్లింది.

పెళ్లి విషయం అయ్యాక పోటీ విషయానికి వచ్చారు. పోటీకి తాత, బామ్మల సీన్లు మాత్రమే పంపాలని త్రినాథరావు ప్రతిపాదించాడు. అలా అయితే తాను హీరో కాకపోయినా సత్యరాజు కూడా కాడు. సత్యరాజు సరిగ్గా అదే కారణానికి బలపరిచాడు. తీర్మానం నెగ్గింది.

"అయితే తాతే హీరో అని ఒప్పుకున్నట్టా నాన్నా?" అని అడిగాడు రాజేంద్ర.

"తాతేరా. ముందు అడిగినోడు హీరో. ఇందాక ముందు అడిగింది ఎవరు? నేను."

"కూర్చున్నవాడు లేకపోతే అడిగి ఏం లాభమండీ?" అన్నాడు సత్యరాజు.

"అడిగించింది నేను" అంది సత్యవాణి, గుమ్మంలోంచి.

రాజాబాబు కెటిల్‌తో లోపలికి వచ్చాడు. జరిగినదంతా విన్నాడు. చాయ్ పొయ్యకుండా నిలబడ్డాడు.

"ఒక్క మాటండి. స్తంభం పక్కకి తప్పుకోకపోతే ఇందులో ఏదీ జరిగేది కాదు కదండి?"

సత్యవాణి మళ్లీ చింతపిక్కలు తెచ్చింది. పంచుతుంటే ఒకటి జారి బల్ల కిందికి దొర్లింది. అది అధ్యక్షుడి ఓటు. దాన్ని వదులుకునే మనిషి కాడు త్రినాథరావు. మోకాలి మీద వంగి, చెయ్యి చాపి, అందుకున్నాడు.

"ఒరే రాజేంద్రా" అన్నాడు బల్ల కింద నుంచి.

రాజేంద్ర ఒక రెక్క పట్టుకున్నాడు. సిరి రెండో రెక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి అతన్ని నిలబెట్టారు. ఈసారి మాత్రం హాల్లో అందరూ వాళ్లిద్దరినే చూశారు.